వడ్ల గోదాంల నెమ్ము: అందరూ రేకులే చూస్తరు, గచ్చు చూడరు

ఇరవై ఏండ్ల సంది వరంగల్ చుట్టుపక్కల బావుల కాడ షెడ్లు, చిన్న చిన్న గోదాంలు కడుతున్న. నెమ్మొచ్చిందని ఫోన్ చేసెటోళ్లు ఫస్ట్ చెప్పే మాట "రేకులు చూడు మేస్త్రీ" అనే.

అపోహ: చుక్క పడ్డదంటే రేకు కారుతున్నట్టే.
పోయిన సంక్రాంతికి ముందట ఒకాయన పొద్దుగాల్నే పిలిచిండు. వాన మొఖం చూడక నెలలైంది, మరి నీళ్లేడికెల్లి వచ్చినయి? మక్కలు సరిగ్గ ఎండకముందే నింపిండు, వాటి ఆవిరి పైకి లేసి రాత్రి చల్లబడ్డ రేకుకు తాకి చెమట పట్టింది, రేకు కిందున్న ఇనుప పైపు ఎంబడి వరుసగ చుక్కలు, ఆ వరుస కిందనే బస్తాల మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చలు. రేకులు కొత్తయి ఏసినా గదే కథ.

అపోహ: సర్కారు కొనుగోలు సెంటర్ల 17 శాతం తేమకు వడ్లు కొంటుండ్రు గదా, దాసిపెట్టనీకి గూడ గంతే సాలు.
17 అనేది కొనుడు లెక్క. ఇంట్ల ఆర్నెల్లు పెట్టుకోవాల్నంటే వడ్లు 13కు, మక్కలు 12కు దిగాలె. మీటర్ లేదా? మెత్తటి ఉప్పు పెనం మీద వేడిచేసి చల్లారనిచ్చి, పొడి గాజు సీసాల ఇన్ని వడ్లతోటి పోసి నాలుగు నిమిషాలు ఊపున్రి. ఉప్పు సీసాకు అంటుకున్నదంటే తేమ 15 దాటింది. అంటుకోకపోతే 15 లోపల, అంతేగని 13కు దిగిందని కాదు, ఇంకో రెండెండలు కొట్టనియ్యాలె.

అపోహ: షాబాద్ బండలు పర్సిన, కిందికెల్లి ఏం రాదు.
బండకూ బండకూ నడుమ సందులున్నయి గదా. సిమెంట్ గచ్చు గూడ భూమిల తడిని పీలుస్తది. రెండడుగుల ప్లాస్టిక్ కవర్ గచ్చు మీద పర్సి నాలుగు దిక్కులా టేపేసి ఒక రోజు ఉంచున్రి, కింద చెమట కనపడితే గచ్చు తాగుతున్నట్టే. కొత్తగ కట్టేటోళ్లు కాంక్రీటు పోసే ముందే మందపు ప్లాస్టిక్ షీటు పర్సి గోడల దాకా పైకి మలపాలె. పాత గోదాం అయితే జానెడు ఎత్తు కట్టె చట్రాలేసి వాటి మీద బస్తాలు పెట్టాలె, గోడకు రెండడుగులు జరిపి, మనిషి తిరిగేటట్టు. గోడకు ఆనిచ్చి పెట్టిన బస్తా లాగితే అడుగు చేతుల్నే ఊడొస్తది, నేను చూసిన.

అపోహ: గోడకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ ఏస్తే అయిపాయె.
ఊళ్లె సీసీ రోడ్డు ఏసినప్పుడల్లా ఎత్తు పెరుగుతది, గోదాం గచ్చేమో కిందికి పడ్డట్టయితది, వాన నీళ్లన్నీ గోడ మొదట్లనే నిలుస్తయి. ముందు బయట మన్ను తీసి నీళ్లకు వాటం ఇయ్యాలె, లేకపోతే ఏడాదిల పెయింట్ పొక్కులొస్తది.

అపోహ: కిటికీలు ఎప్పటికి తెరిచే ఉంచాలె.
ముసురు పట్టినప్పుడు తెరిస్తే ఆ తడిగాలంతా గింజకే. ఎండ కాసిన రోజు పగటిపూట తెరిచి, పొద్దూకక ముందే మూసెయ్యాలె.

పురుగుల మందు గోలీలు పెడితే నెమ్ము పోతదంటరు కొందరు. అయి పురుగుకు, నెమ్ముకు కాదు. తేమ తగిలితే విషం గ్యాసు ఇడుస్తయి, మనుషులు పండుకునే ఇంట్ల అస్సలే వద్దు.