కోట గుమ్మానికి మెలిక ఎందుకు?

జమ్మలమడుగు

పిల్లలూ,

బడివాళ్లు మిమ్మల్ని గండికోటకు తీసుకెళ్లారని తెలిసి సంతోషించాను. పెన్నా లోయ అంచున దిగిన ఫోటోలు అందరూ పంపారు. గుమ్మం సంగతి అడిగింది మాత్రం చిట్టి ఒక్కతే. "తాతయ్యా, లోపలికి తిన్నగా దారి పెట్టకుండా ఎందుకు మెలిక తిప్పారు?" అని.

నా చిన్నతనంలో మా మేనమామ పందెం పొట్టేలును పెంచేవాడు. ఉలవలు మేసి బాగా మదించి ఉండేది. ఆయన దాని కొమ్ములకు నూనె రాసేవాడు. మాకు తలకు రాసుకోవడానికి అడిగితే మాత్రం కసిరేవాడు. అది ఎవరినైనా కుమ్మాలంటే ముందు పదడుగులు వెనక్కి తగ్గేది. అలా తగ్గిందంటే మేము అరుగులెక్కేసేవాళ్లం. అదే పొట్టేలు మా ఇరుకు సందులో ఎదురైతే భయమే లేదు. వెనక్కి తగ్గడానికి చోటుండదు, మలుపులో ఒళ్లు తిప్పుకోలేదు. నుదుటితో ఊరికే నెట్టేది, అంతే.

కోట తలుపుల మీదికి ఏనుగును తోలేవాళ్లు. ఏనుగంటే కొండంత పొట్టేలు అనుకోండి. తిన్నటి దారి దొరికితే పరుగున వచ్చి ఢీకొంటుంది. గుమ్మం ముందు మలుపు పెట్టారంటే ఆ పరుగు అక్కడే ఆగిపోతుంది. పైగా తలుపు మీద ఇనుప రేకులు, నుదుటికి గుచ్చుకునేలా మేకులు. మా పొట్టేలు కూడా తుమ్మకంప కట్టిన దొడ్డి తలుపు జోలికి పోయేది కాదు. మలుపులో చిక్కుకున్న సైనికుల మీద గోడల పైనుంచి రాళ్లూ బాణాలూ కురిసేవి. బలవంతుడితో తగాదా వచ్చినప్పుడు మీరూ వాడికి పరుగెత్తే చోటు ఇవ్వకండి.

ఇక బురుజులు గోడను దాటి ముందుకు ఎందుకు పొడుచుకొచ్చాయంటారా? గోడ మీద నిలబడ్డవాడికి దాని మొదట్లో నక్కినవాడు కనబడడు, పక్క బురుజులో ఉన్నవాడికి కనబడతాడు.

ఫిరంగి దగ్గరికి వచ్చేసరికి నా పొట్టేలు పనికిరాదు. గుండుకు వెనక్కి తగ్గే అవసరమే లేదు కదా! అయితే ఫిరంగిని కొండ ఎక్కించాలి. పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఈ కోటను 1650 ప్రాంతంలో లాక్కున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ఆ పనే గగనమైంది. అందుకోసం ఐరోపా గోలందాజులకు, అంటే ఫిరంగులు పేల్చేవాళ్లకు, అదనపు జీతం ఆశ చూపాడట. 1652లో ఇక్కడికి వచ్చి ఆయనను కలిసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడీ మాట. ఎడ్లూ మనుషులూ కలిసి ఆ ఎర్ర బండల మీదుగా వాటిని ఎలా లాగారో నాకు ఇప్పటికీ ఊహకందదు.

సంక్రాంతి సెలవులకు వస్తే మళ్లీ వెళ్దాం. ఈసారి లోయ దగ్గరికి పరుగెత్తకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడండి. తలుపుల వెనక అటూ ఇటూ గోడల్లో అడ్డగడియ దూర్చడానికి తొలిచిన బొరియలున్నాయేమో వెతకండి. దొరికితే వాటిని జానలతో కొలిచి, ఆ గడియ ఎంత లావు మానో చెప్పండి. చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి, తేళ్లుంటాయి.

మీ తాతయ్య