టెట్ పేచీ: 2010లో అక్కర్లేదన్నది 2025లో ఎలా తప్పనిసరైంది?

సర్వీసులో ఉన్న టీచర్లకూ టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తప్పదని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక స్టాఫ్‌రూముల్లో అందరూ ముందు లెక్కేసుకున్నది రిటైర్మెంటు తేదీ. టెట్ లేనివాళ్లలో ఆ రోజుకు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. కాకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణ. అర్హమైన సర్వీసు ఉంటే రిటైర్మెంటు ప్రయోజనాలు వస్తాయి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం అడక్కూడదు. ఈ వెసులుబాటు చట్టంలో లేదు, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద కోర్టు తన ప్రత్యేకాధికారంతో ఇచ్చింది. మైనారిటీ విద్యాసంస్థల సంగతి విస్తృత ధర్మాసనానికి వెళ్లింది.

ఈ ఐదేళ్ల గీత మన రెండు రాష్ట్రాల్లో ఒకే చోట పడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 62, తెలంగాణలో 61. 1969 మార్చిలో పుట్టి, ఉమ్మడి రాష్ట్రంలో ఒకే డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికైన ఇద్దరిని తీసుకోండి. నల్గొండలో ఉన్నాయన 2030 మార్చిలో దిగిపోతారు కాబట్టి పరీక్ష లేదు. గుంటూరులో ఉన్నాయనకు 2031 మార్చి దాకా సర్వీసుంది కాబట్టి రాయాల్సిందే. ఏడాది ఎక్కువ ఉద్యోగం వచ్చిందని సంతోషించినవాళ్లకే ఇది మెడకు చుట్టుకుంది.

పేచీకి మూలం 2010లో ఉంది. విద్యాహక్కు చట్టం ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. టీచర్ల కనీస అర్హతలు నిర్ణయించే పనిని సెక్షన్ 23 కేంద్రం నియమించే అకడమిక్ అథారిటీకి అప్పగించింది, ఆ హోదా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి (ఎన్‌సీటీఈ) దక్కింది. ఆగస్టు 23న ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవారికి టెట్ అర్హతైంది. అదే నోటిఫికేషన్ నాలుగో పేరాలో మినహాయింపూ ఉంది: 2001 సెప్టెంబరు 3కు ముందు అప్పటి రూల్స్ ప్రకారం చేరినవాళ్లకు, ఆ తర్వాత ఎన్‌సీటీఈ 2001 రెగ్యులేషన్ల ప్రకారం చేరినవాళ్లకు కొత్త అర్హతలు అక్కర్లేదు. టీచర్లు పదిహేనేళ్లు ధీమాగా ఉన్నది ఈ పేరాను చూసుకునే.

2017లో పార్లమెంటు సెక్షన్ 23ను సవరించింది. 2015 మార్చి 31 నాటికి ఉద్యోగంలో ఉండి కనీస అర్హత లేని ప్రతి టీచరూ నాలుగేళ్లలో, అంటే 2019 మార్చి 31లోపు, అది సంపాదించుకోవాలన్నది. విద్యాశాఖలు దీన్ని శిక్షణ లేని ప్రైవేటు టీచర్ల వ్యవహారంగానే చూశాయి. జాతీయ సార్వత్రిక పాఠశాల (ఎన్‌ఐఓఎస్) ద్వారా డీఎల్‌ఈడీ అనే టీచరు శిక్షణ డిప్లొమా చేయించారు, అక్కడితో పని అయిపోయిందనుకున్నారు. కనీస అర్హతల్లో టెట్ కూడా ఉందని సర్వీసులో ఉన్నవారికి గట్టిగా చెప్పినవాళ్లు లేరు. చెప్పినా రాయడానికి పరీక్షలేవీ? ఆంధ్రప్రదేశ్‌లో డీఎస్సీతో కలిపి పెట్టిన టెట్ కమ్ టీఆర్‌టీ (అర్హత, నియామకం రెండింటికీ ఒకే పరీక్ష) తర్వాత మళ్లీ టెట్ పెట్టింది 2018లోనే. తెలంగాణలో 2017 జులై తర్వాత 2022 దాకా ఊసే లేదు. అక్కడ చట్టం గడువు ఆ సందులోనే దాటిపోయింది. తప్పులో పెద్ద వాటా శాఖలది, శిక్ష మాత్రం టీచరుకు.

తర్వాతి గొడవ ప్రమోషన్ల దగ్గర. పాతవాళ్లు ఉన్న పోస్టులో కొనసాగవచ్చు గాని ప్రమోషన్‌కు టెట్ ఉండాలని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు విన్న కేసుల్లో ఆ వివాదమూ ఉంది. నాలుగో పేరా ఎంత చెప్పినా, చట్టంలోనే గడువు పెట్టాక అది నిలవదన్నది తీర్పు సారం.

మన దగ్గర దెబ్బ ప్రధానంగా డీఎస్సీ-2008, అంతకు ముందు బ్యాచ్‌లకే. 2012 నుంచి డీఎస్సీకి టెట్ ఉంటేనే అర్హత కాబట్టి ఆ తర్వాతివారికి చింత లేదు. ఎప్పుడో 2011లో పాసై మార్కుల మెమో అటకెక్కించినవాళ్లు దాన్ని దించుకోవచ్చు. మొదట ఏడేళ్లున్న చెల్లుబాటును 2021లో జీవితకాలం చేశారు, అదీ 2011 నుంచే వర్తించేలా.

పరీక్ష 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే చాలు. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) పేపర్-1, పై తరగతుల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్లకు పేపర్-2. పేపర్-1లో శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం తలా 30. పాతవాళ్లు తడబడేది గణితంలో కాదు, శిశు వికాసంలోని పియాజే, వైగాట్‌స్కీ అనే మనోవిజ్ఞానవేత్తల సిద్ధాంతాల దగ్గర, ఇంగ్లిష్ దగ్గర. పైగా పరీక్ష కంప్యూటర్ మీద. లెక్కలు, సైన్స్ టీచర్ల పేపర్-2లో గణితం, సైన్స్ కలిపి 60 మార్కులు. ఇరవై ఏళ్లుగా పదో తరగతికి లెక్కలే చెబుతున్న స్కూల్ అసిస్టెంటు జీవశాస్త్రం తిరగేయక తప్పదు. ఇంకో చిక్కు: పేపర్-1 పాసైన ఎస్‌జీటీకి ఉద్యోగం నిలుస్తుంది గాని స్కూల్ అసిస్టెంటు ప్రమోషన్‌కు పేపర్-2 విడిగా కావాలి. ఈ సంగతి తెలియక ఒక్కదానికే దరఖాస్తు చేసి ఊరుకుంటే సీనియారిటీ లిస్టు వచ్చినప్పుడు నాలుక కరుచుకోవాలి.

గడువు 2027 ఆగస్టు ఆఖరుకు ముగుస్తుంది. ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టినా మహా అయితే నాలుగు అవకాశాలు. రాష్ట్రాలు, సంఘాలు రివ్యూ పిటిషన్ల వెంట పడ్డాయి. తీర్పు నిలబడింది సెక్షన్ 23 మీద కాబట్టి, పాత నియామకాలకు మినహాయింపునిస్తూ ఆ సెక్షన్‌నే పార్లమెంటులో మార్చాలన్న సంఘాల డిమాండే ఇందులో కాస్త గట్టి దారి. ఆ పని ఢిల్లీ చేతుల్లో ఉంది, విజయవాడ, హైదరాబాద్ జీవోలతో అయ్యేది కాదు.