పెర్త్‌లో తేలిన నార్త్ సిడ్నీ ఎలుగుబంటి

ఆస్ట్రేలియాలో నేషనల్ రగ్బీ లీగ్‌ను అందరూ ఎన్ఆర్ఎల్ అంటారు. ఆ పోటీలోకి 2027లో పెర్త్ బేర్స్ అనే జట్టు వస్తోంది. కొత్త జట్టు అనడం సగమే నిజం. ఎరుపు నలుపు రంగులు, ఎలుగుబంటి గుర్తు రెండూ నార్త్ సిడ్నీ బేర్స్ అనే పాత క్లబ్‌వి. సిడ్నీలో ఈ పోటీ మొదలైన 1908 నుంచి ఆడిన క్లబ్ అది. 1999 సీజన్ తర్వాత సొంత పేరుతో పెద్ద పోటీలో కనిపించలేదు. ఇప్పుడు దేశానికి ఆ చివర, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తేలింది. అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో తెలియాలంటే కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

రగ్బీ అనే పేరుతో రెండు ఆటలున్నాయి. రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది, రగ్బీ లీగ్‌లో 13 మంది. లీగ్‌లో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఎదుటివాళ్లు పట్టి పడేస్తే, అతను లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించి ఆట సాగిస్తాడు. అలా ఆరుసార్లు దొరికిపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. కబడ్డీ చూస్తూ పెరిగినవాళ్లకు ఇందులో పట్టు విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రెండు ఆటలూ విడిపోయింది కూలి డబ్బుల దగ్గర. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆటగాళ్లు చాలామంది మిల్లు కార్మికులు, గని కార్మికులు. పని మానుకుని మ్యాచ్‌కు వెళితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని క్లబ్బులు భర్తీ చేస్తామంటే రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. ఆటకు డబ్బు తగిలితే మైల అన్నట్టుండేది వాళ్ల తీరు. 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో యార్క్‌షైర్, లాంకషైర్ క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. జనం టికెట్ కొని వస్తేనే డబ్బు కాబట్టి ఆట వేగంగా సాగేలా నియమాలు మార్చుకుంటూ పోయారు. జట్టులో ఇద్దర్ని తగ్గించింది అందుకే.

సిడ్నీలోనూ అదే తగాదా. 1907లో న్యూజిలాండ్ జట్టు వస్తే గ్రౌండ్ కిక్కిరిసిపోయింది, రగ్బీ సంఘానికి డబ్బే డబ్బు. అదే ఏడాది అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి వెళ్లలేకపోతే చేతికి పైసా రాలేదు. ఈ అసంతృప్తిని ఒకచోట చేర్చినవాళ్లలో మన క్రికెట్ అభిమానులకు తెలిసిన పేరొకటి ఉంది: విక్టర్ ట్రంపర్. ఆ మహా బ్యాట్స్‌మన్ నడిపిన క్రీడాసామగ్రి దుకాణంలోనే మంతనాలు జరిగాయి. జె.జె. గిల్టినన్ అనే వ్యాపారి ముందు నిలిచాడు. 1907 ఆగస్టులో ఇక్కడా ఒక హోటల్లోనే, జార్జ్ వీధిలోని బేట్‌మన్స్ క్రిస్టల్ హోటల్లో, న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ పుట్టింది. అప్పటికి జనం దేవుడిలా చూసే ఆటగాడు డాలీ మెసెంజర్ ఇటు వచ్చేయడంతో ప్రేక్షకులూ వెంట వచ్చారు.

1908లో తొమ్మిది క్లబ్బులతో మొదలైంది. గ్లీబ్, న్యూటౌన్, బాల్మెయిన్, సౌత్ సిడ్నీ... దాదాపు అన్నీ సిడ్నీ పేటల పేర్లే. తొలి టైటిల్ సౌత్ సిడ్నీది. ఆ జట్టును రాబిటోస్ అంటారు. కుందేలు మాంసం అమ్మేవాళ్లు వీధుల్లో ‘రాబిట్ ఓ’ అని కేకేసేవాళ్లనీ, ఆ కేకే పేరయిందనీ చెబుతారు. ఉదయాన్నే వీధిలో కూరగాయల బండి కేక విని లేచిన మనకు ఈ కథ నచ్చడంలో వింత లేదు.

తర్వాత చాలా దశాబ్దాలు ఇది సిడ్నీ ఆటే. సెయింట్ జార్జ్ క్లబ్ 1956 నుంచి 1966 దాకా వరసగా 11 టైటిళ్లు కొట్టింది. ఆ 1956లోనే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో క్లబ్బులు పోకర్ మెషిన్లు పెట్టుకోవడాన్ని చట్టబద్ధం చేశారు. జూదం యంత్రాల రాబడితో సిడ్నీ క్లబ్బులు బలిశాయి. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ మంచి ఆటగాడు తయారవడం ఆలస్యం, సిడ్నీ ఎగరేసుకుపోయేది. ఈ ఉక్రోషంలోంచే 1980లో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీ వచ్చింది. ఎక్కడ ఆడుతున్నా సరే, ఆటగాడు తన సొంత రాష్ట్రం తరఫున దిగాలి. ఎన్ఆర్ఎల్ ఫైనల్ కన్నా ఆ మ్యాచ్‌లకే ఎక్కువ టెన్షన్ పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1982లో కాన్‌బెర్రా, ఇల్లవారా, 1988లో బ్రిస్బేన్ బ్రాంకోస్, గోల్డ్ కోస్ట్, న్యూకాజిల్ చేరాయి. మధ్యలో న్యూటౌన్‌ను 1983 సీజన్ తర్వాత బయటికి పంపేశారు. 1995కి ఆక్లండ్, పెర్త్, టౌన్స్‌విల్, బ్రిస్బేన్‌లో ఇంకో జట్టు కలిసి మొత్తం 20 అయ్యాయి. సరిగ్గా అప్పుడే ఇల్లు రెండుగా చీలింది.

కారణం పే టీవీ. ఆస్ట్రేలియాలో డబ్బు కట్టి చూసే చానళ్లు అప్పుడే మొదలవుతున్నాయి. చందాదారులు రావాలంటే లైవ్ ఆట కావాలి. రగ్బీ లీగ్ హక్కులు టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ వైపు ఉన్నాయి. 1977లో క్రికెట్‌ను తలకిందులు చేసిన ప్యాకరే ఈయన. చిత్రం ఏమిటంటే ఈసారి ఆయన పాత వ్యవస్థ పక్షాన నిలబడ్డాడు. తిరుగుబాటు పాత్ర మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ లిమిటెడ్‌ది. హక్కులు దొరక్కపోతే ఆటనే కొనేద్దామనుకుంది. 1995 మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో ఆ సంస్థ మనుషులు ఆటగాళ్లను రహస్యంగా పిలిచి, కలలో కూడా అనుకోనంత డబ్బు చూపించి సూపర్ లీగ్ కాంట్రాక్టుల మీద సంతకాలు చేయించారు. అటు పాత సంఘమూ చెక్కుబుక్కు తీసింది. ఒకే గదిలో బట్టలు మార్చుకునే స్నేహితులు ఎదురుబొదురు శిబిరాల్లో తేలారు.

1996 ఫిబ్రవరిలో కోర్టు సూపర్ లీగ్‌ను ఆపింది. అక్టోబరులో అప్పీలులో ఆ తీర్పు తిరగబడింది. దాంతో 1997లో ఒకే దేశంలో రెండు పోటీలు నడిచాయి, ఒకదాంట్లో 12 జట్లు, ఇంకోదాంట్లో 10. పాత సంఘం పోటీలో న్యూకాజిల్, సూపర్ లీగ్‌లో బ్రిస్బేన్ గెలిచాయి. ఇద్దరు విజేతలంటే అసలు విజేత లేనట్టే. జనం విసిగిపోయారు, ఇద్దరి ఖజానాలూ కరిగాయి. ఏడాది చివర రాజీ కుదిరింది. చెరి సగం వాటాతో 1998లో ఎన్ఆర్ఎల్ మొదలైంది.

రాజీలో అసలు కత్తి ఎక్కడుందంటే, 2000 నాటికి జట్లు 14 మాత్రమే ఉండాలన్న షరతులో. తొలి ఏడాది 20 ఉన్నాయి. విలీనమైతే బతకొచ్చు, లేదంటే మార్కుల లెక్కలో కిందికి జారినవాడు ఇంటికి. పెర్త్ జట్టు 1997తోనే మూతపడింది. అడిలైడ్, గోల్డ్ కోస్ట్ జట్లు 1998తో పోయాయి. సెయింట్ జార్జ్ ఇల్లవారాతో కలిసింది, బాల్మెయిన్ వెస్టర్న్ సబర్బ్స్‌తో కలిసి వెస్ట్స్ టైగర్స్ అయింది. నార్త్ సిడ్నీ మకాం గాస్‌ఫర్డ్‌కు మార్చాలనుకుంది. అక్కడ స్టేడియం సమయానికి కాలేదు, అప్పులు పెరిగాయి. చివరికి పక్కింటి శత్రువు మాన్లీతోనే బలవంతపు పెళ్లి. నార్తర్న్ ఈగిల్స్ పేరుతో ఆ కాపురం మూడు సీజన్లు నడిచి, 2002తో పెటాకులైంది. లైసెన్సు మాన్లీకి మిగిలింది. బేర్స్ కింది స్థాయి పోటీలో ఆడుకుంటూ ఉండిపోయింది.

సౌత్ సిడ్నీని 1999 చివర్లో తీసేశారు. అన్ని క్లబ్బుల కన్నా ఎక్కువ టైటిళ్లున్న జట్టు అది. చైర్మన్ జార్జ్ పిగిన్స్ విలీనానికి ససేమిరా అన్నాడు. వేల మంది అభిమానులు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో సిడ్నీ వీధుల్లోకి వచ్చారు. 2001 జులైలో ఫెడరల్ కోర్టు అప్పీలులో గెలిచి, 2002లో మళ్లీ మైదానంలో దిగారు. 2003లో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, న్యూస్ లిమిటెడ్ వాదననే సమర్థించింది. కానీ అప్పటికే లోపలికి వచ్చేసినవాళ్లను మళ్లీ గెంటే ధైర్యం ఎవరికుంటుంది? 2014లో వాళ్లు టైటిల్ కూడా కొట్టారు, 43 ఏళ్ల తర్వాత. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో రద్దయితే హైదరాబాద్ వీధుల్లో అలాంటి ఊరేగింపులేవీ జరగలేదు. నాలుగైదేళ్ల జట్టుకూ తొంభై ఏళ్ల పేట జట్టుకూ ఉన్న తేడా అది.

2012లో ఆటను నడపడానికి స్వతంత్ర కమిషన్ ఏర్పడి న్యూస్ లిమిటెడ్ తన వాటా వదులుకుంది. 2007లో గోల్డ్ కోస్ట్ టైటన్స్, 2023లో డాల్ఫిన్స్ చేరడంతో జట్లు 17 అయ్యాయి. వాటిలో తొమ్మిది ఇప్పటికీ సిడ్నీవే, అందులో సెయింట్ జార్జ్ ఇల్లవారా సగం వొలాంగాంగ్‌ది. క్వీన్స్‌లాండ్‌కు నాలుగు. మిగతావి న్యూకాజిల్, కాన్‌బెర్రా, మెల్‌బోర్న్, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. 1908 నాటి తొమ్మిదింటిలో ఎవరితోనూ కలవకుండా మిగిలినవి రెండే: సౌత్ సిడ్నీ, ఇప్పుడు రూస్టర్స్ అని పిలిచే ఈస్టర్న్ సబర్బ్స్. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన పశ్చిమ సిడ్నీకి పారమాటా, పెన్‌రిత్ జట్లున్నాయి. పెన్‌రిత్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచింది.

ఇక ముందు రెండు చేరికలు. 2028లో పాపువా న్యూగినీ జట్టు వస్తుంది. రగ్బీ లీగ్‌ను జాతీయ క్రీడగా చూసుకునే దేశం అది. దీని వెనక పదేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల ప్రభుత్వ సొమ్ముంది. పసిఫిక్‌లో చైనా పలుకుబడి పెరుగుతుందన్న బెంగ లేకపోతే కాన్‌బెర్రాలోని ప్రభుత్వం ఇంత చేయి విదిల్చేది కాదని నా అనుమానం. దానికి ఏడాది ముందే పెర్త్ బేర్స్. ఆ సూపర్ లీగ్ గొడవలోనే జట్టును పోగొట్టుకున్న ఊరూ, ఊరిని పోగొట్టుకున్న జట్టూ ఇలా ఒకచోట కలుస్తున్నాయి. అడిలైడ్‌కు మాత్రం ఇంకా జట్టు లేదు.