మూడు పనులు, ఒకే కొలబద్ద

జిల్లా ఎడిషన్‌లో ఓ మూలన అప్పుడప్పుడూ కనిపించే వార్తే ఇది. ఫలానా యూనివర్సిటీ ముగ్గురికి డాక్టరేట్లు ప్రకటించింది, ఒకరిది ప్రబంధ సాహిత్యం, ఒకరిది పరమాణు భౌతికశాస్త్రం, ఇంకొకరిది ఔషధ రసాయనశాస్త్రం. థీసిస్ పేరు, గైడు పేరు, పాస్‌పోర్టు సైజు ఫొటో, అంతే. ముగ్గురికీ వచ్చేది ఒకే పట్టా కదా, ముగ్గురి పనీ ఒకేలా ఉంటుందిలే అని రూల్స్ రాసేవాళ్లు అనుకున్నారు. గొడవంతా అక్కడే ఉంది.

అసలు ఈ మూడూ ఒకే ప్రాంగణంలోకి ఎలా వచ్చాయో చూడాలంటే వాల్తేరు వెళ్లాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది, 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి స్వయంగా సాహిత్య విమర్శకుడు, ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రం మనిషి. అయినా లాబొరేటరీల దగ్గర వెనక్కి తగ్గలేదు. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం, రసాయనానికి టి.ఆర్. శేషాద్రి, భౌతికానికి సూరి భగవంతం, కె. రంగధామరావు, అందరూ 1930ల మొదట్లోనే వచ్చి చేరారు.

శేషాద్రి దగ్గర మొదలైన పని మన పెరట్లోంచే వచ్చింది. పత్తిపూల రేకుల్లో పసుపు రంగునిచ్చే పదార్థాలేమిటో విడదీసి చూశారు. నేల ఉసిరి సంగతి ఇంకా బాగుంటుంది. కామెర్లొస్తే పల్లెల్లో దాని పసరు తాగించడం మనకు తెలిసిందే, నోట్లో పెట్టుకుంటే ఎంత చేదో తాగినవాళ్లకే తెలుసు. ఆ చేదు ఏ పదార్థం వల్ల వస్తోందో శేషాద్రి, ఆయన శిష్యుడు 1946లో పేపర్ రాశారు. ఫిలాంథిన్ అంటారు దాన్ని. కానీ దాని అణువు నిర్మాణం పూర్తిగా తేలింది ఎప్పుడనుకున్నారు? 1960లలో, అదే వాల్తేరులో, ఎల్. రామచంద్రరావు బృందం చేతుల్లో. అప్పటికి శేషాద్రి ఢిల్లీ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ పేపర్‌కు ముందే యుద్ధం ఒకటి, 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరుకు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. ఒక మొక్క చేదు వెనక ఇరవై ఏళ్లు, ఇద్దరు గురువులు. ఫార్మసీ విభాగం 1951లో వచ్చింది, ఔషధ రసాయనం అప్పట్నుంచి తన కాళ్ల మీద తాను నిలబడింది.

భౌతికం వైపు పని వేరు. లోహాల మధ్య స్పార్కు పుట్టించి, ఆ వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్ గుండా పంపి, గాజు ప్లేటు మీద పడ్డ సన్నని గీతల మధ్య దూరాలు కొలవాలి. పరమాణువు లోపల ఏం జరుగుతోందో ఆ గీతలే చెబుతాయి. రంగధామరావు శిష్యులు కళ్లు కాయలు కాసేలా ఆ ప్లేట్లు చూస్తూ కూర్చున్నవాళ్లే. 1950లలో స్వామి జ్ఞానానంద వచ్చి న్యూక్లియర్ ఫిజిక్స్ లాబొరేటరీ పెట్టారు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్న్యాసం తీసుకుని, ప్రాగ్‌లో ఎక్స్-రే వర్ణపటాల మీద డాక్టరేట్ చేసి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేసిన మనిషి. (ఈయన మీద సినిమా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.)

ఇక తెలుగు. ఇక్కడ పరికరాలు కనిపించవు కాబట్టి ఇది పరిశోధనే కాదనుకునేవాళ్లు చాలామంది. తాళపత్రం మీద పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, పద్యం ఎక్కడ తెగుతుందో గుర్తు ఉండదు, పురుగు తొలిచిన చోట అక్షరమే ఉండదు. నాలుగు ప్రతుల్లో నాలుగు పాఠాలుంటే ఏది కవి రాసింది? యతి కుదరాలి, ప్రాసలో రెండో అక్షరం కలవాలి, గణం తప్పకూడదు, ఆపైన అర్థం పొసగాలి. స్పెక్ట్రోగ్రాఫ్ చేసే పని ఇక్కడ ఛందస్సు చేస్తుంది. ఒక్క పద్యానికి వారం పట్టొచ్చు, దాన్ని విడిగా పేపర్‌గా రాయడానికి మాత్రం ఏమీ ఉండదు.

ఈ మూడింటి మీదా ఒకే కొలబద్ద వచ్చి పడింది 2009లో. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో ఒక పేపర్ ఉండి తీరాలని, యూనివర్సిటీలకు ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ యూజీసీ రూల్ పెట్టింది. 2016లో దానికి రెండు సదస్సు పత్రాలు జోడించింది, డాక్టరేట్‌కు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు అంది. రసాయనం వాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు, కొత్త పదార్థాలు కొన్ని తయారుచేసి పరీక్షిస్తే పేపర్ వస్తుంది, రచయితల జాబితాలో నలుగురైదుగురు ఉంటారు. తెలుగు స్కాలర్ ఒక్కడే రాయాలి, వేయడానికి జర్నల్ వెతుక్కోవాలి. అవసరం ఉన్నచోట అంగడి పుడుతుంది కదా, డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇలాంటివి ఎక్కువైపోయాయని 2018 మేలో యూజీసీ తాను ఆమోదించిన పత్రికల జాబితాలోంచి 4,305 పత్రికలను ఒక్కసారిగా తీసేసింది.

నాకు తెలిసిన ఒకాయన పేపర్ పడ్డ పత్రిక సరిగ్గా ఆ దెబ్బకే పోయింది. ఏప్రిల్‌లో పేపర్ చెల్లుతుంది, జూన్‌లో చెల్లదు. ఆఫీసులో గుమస్తా ఫైలు పక్కన పెట్టి ‘ఇంకోటి తెచ్చుకోండి సార్’ అన్నాడట. ఆయన టెన్షన్ చూడాలి అప్పుడు.

2019లో కేర్ అని ఆమోదించిన పత్రికలకు కొత్త జాబితా పెట్టారు. 2022 నవంబర్‌లో అసలు థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి కాదన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ కేర్ జాబితా కూడా ఆపేసి, ఏ పత్రిక మంచిదో ఏది కాదో ఎవరి యూనివర్సిటీలు వాళ్లే తేల్చుకోండి అన్నారు. అంటే పదహారేళ్లు తిరిగి తిరిగి ఆ నిర్ణయం మళ్లీ డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గరికే వచ్చింది. ఆ ఒకాయన మాత్రం ఇప్పటికీ ఆ రెండో పేపర్ పత్రిక పేరు చెప్పడు, అడిగితే టాపిక్ మార్చేస్తాడు.