గటక నుంచి రేషన్ బియ్యం దాకా: మెట్ట తిండి వెనుక చరిత్ర

జొన్నలు, కొర్రలు, సామలు, అండుకొర్రలు ఇవాళ నగరాల్లో కొనుక్కుని తినే తిండి అయ్యాయి. డాక్టరు చెప్పాడనో, ఇంట్లో ఒకరికి షుగరు వచ్చిందనో వాటిని వెతుక్కుని వెళ్లేవాళ్లు పెరిగారు. కొర్రబియ్యం చాలా దుకాణాల్లో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధరకే అమ్ముడవుతోంది. ఆ గింజలను తరతరాలుగా పండించి, దంచి, దాచుకుని బతికిన మెట్ట పల్లెల్లో మాత్రం పొయ్యి మీద రేషన్ బియ్యమే ఉడుకుతోంది. ఎందుకిలా జరిగిందని అడిగితే జనం రుచి మారిపోయిందన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. నేనా జవాబును ఒప్పుకోలేను. కాలువలు, పరిశోధన, మిల్లులు, కొనుగోలు, చౌకధరల దుకాణం అన్నీ ఒకే గింజకు అండగా నిలిచినప్పుడు మిగతా గింజలు పొలంలోనూ కంచంలోనూ చోటు కోల్పోయాయి. ఈ క్రమం తెలియకపోతే ఇప్పుడు సిరిధాన్యాల పేరిట జరుగుతున్న ప్రచారంలో రైతు ఎక్కడున్నాడో అర్థం కాదు.

తెలుగు నేల మీద వరి మొదటినుంచీ నీళ్లున్న చోటి పంటే. నదుల దిగువ భూములు, తెలంగాణలో కాకతీయుల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చిన చెరువుల కింది ఆయకట్టు, అక్కడక్కడా బావుల కింది మడులు వరికి ఆధారం. మిగిలిన విశాలమైన మెట్టంతా చిరుధాన్యాలదీ, వాటితో కలిపి చల్లే పప్పుధాన్యాలదీ. పల్నాటి పల్లెల్లో ఎక్కడ చూసినా జొన్నన్నం, జొన్నంబలే తప్ప సన్నన్నం సున్న అని శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్న చాటుపద్యం తెలుగువాళ్లందరికీ తెలుసు. వరన్నానికి అలవాటుపడిన కవి విసుక్కున్నా, ఆ విసుగులోనే ఒక ప్రాంతపు తిండి మొత్తం మనకు నమోదై దొరికింది. తెలంగాణ మెట్టలో జొన్న రవ్వను ఉడికించి చేసే గటకా, జొన్న రొట్టే ప్రధానం. రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం, సజ్జ రొట్టె నడిచాయి. ఉత్తరాంధ్రలో పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్లేవారు. పాడేరు, అరకు కొండల మీద సామలు కొండపోడులో పండేవి.

అయితే ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. వరన్నం ఉన్నవాళ్ల తిండి, గటక లేనివాళ్ల తిండి అన్న తేడా ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. మా నాయనమ్మ కాలంలో పండగకో, చుట్టం వస్తేనో, జ్వరం పడి లేచినవాళ్లకో మాత్రమే ఇంట్లో బియ్యం వండేవారు. చుట్టానికి జొన్న రొట్టె పెట్టాల్సి వస్తే ఆమెకు తలకొట్టేసినట్టుండేది. ఎండాకాలం చివర గాదె అడుగంటి, వానలు ఇంకా పడని రోజుల్లో జొన్న కూడా దొరకక, పలచని అంబలితో పూట గడిపిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. వాటిలో ఎక్కువ దళితవాడల్లోనివి, భూమి లేని కూలీలవి. పాత తిండిలో బలం ఉందని చెప్పేవాళ్లు ఆ తిండి కూడా అందరికీ చాలినంత ఉండేది కాదన్న సంగతిని మరవకూడదు.

వరి విస్తరణకు పునాది కరువులోనే పడింది. 1833 నాటి గుంటూరు కరువు తరువాత నదీజలాల వినియోగంపై ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ పూనికతో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాయి. డెల్టా జిల్లాలు వరి కొట్టుగా మారాయి. నిజాం రాజ్యంలో 1931 నాటికి నిజాంసాగర్ సిద్ధమై మంజీర నీళ్లు నిజామాబాదు మాగాణికి చేరాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ వెళ్లింది పల్నాడు మీదుగానే. సన్నన్నం సున్న అనిపించుకున్న ఊళ్లలో వరి, మిర్చి, పత్తి నిలదొక్కుకున్నాయి. అక్కడి రైతు దాన్ని నష్టమనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ లేదు.

నీళ్ల తరువాత విత్తనం వచ్చింది. 1960లో దేశంలో సాంద్ర వ్యవసాయ పథకానికి మొదటి విడతలో ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. ఆ జిల్లాలోని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో అధిక దిగుబడినిచ్చే ఐఆర్8 వరిని తన పొలంలో పండించి చూపించి దేశమంతటా పేరు పొందారు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబా మసూరి వచ్చాయి. ఒకటి రైతుకు దిగుబడిని నిలబెడితే, రెండోది తినేవాళ్ల నోటికి సన్నబియ్యం రుచిని అలవాటు చేసింది. జొన్న మీద పని జరగలేదని అనలేం. సీఎస్‌హెచ్1 అనే తొలి సంకర జొన్న 1964లోనే విడుదలైంది. దిగుబడి పెరిగింది కానీ, త్వరగా కోతకొచ్చే ఆ రకాలు గింజ పాలు పోసుకుని గట్టిపడే వేళకు వానలు కురుస్తూ ఉండేవి. కంకి తడిసి బూజు పట్టేది, గింజ నల్లబడేది. అలాంటి జొన్నకు రొట్టె కుదరదు, ధరా రాదు. వానాకాలపు సంకర జొన్న చాలావరకు కోళ్ల దాణాకూ, సారాయి బట్టీలకూ వెళ్లింది. ఇంట్లో తినడానికి యాసంగి (రబీ) జొన్నే కావాల్సి వచ్చింది, దాని దిగుబడి మాత్రం పెద్దగా పెరగలేదు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని మొదలుపెట్టింది. కుటుంబానికి నెలకు 25 కిలోల దాకా ఇచ్చిన ఆ బియ్యం ఊళ్లలో తెచ్చిన మార్పును ఎంత చెప్పినా తక్కువే. కూలి దొరకని రోజున కూడా పొయ్యి వెలిగింది. పండగ తిండి రోజువారీ తిండి అయింది. దొరవారి ఇంట్లో ఉడికిన అన్నమే కూలివాడి ఇంట్లోనూ ఉడకడంలో ఉన్న ఆత్మగౌరవాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు. 2008లో రెండు రూపాయల ధరను మళ్లీ తెచ్చినప్పుడూ, 2011లో దాన్ని రూపాయికి దించినప్పుడూ ఏ పార్టీ ప్రభుత్వమూ ఈ దారి తప్పలేకపోయింది.

అయినా ఆ పథకంలో బియ్యమే ఎందుకు ఉంది, జొన్న ఎందుకు లేదన్న ప్రశ్న అడగాల్సిందే. దీనికి జవాబు మిల్లులో ఉంది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాక అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం సేకరణ చాలాకాలం లెవీ పద్ధతిలో జరిగింది. మిల్లరు ఆడించిన బియ్యంలో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వ ధరకు అప్పగించాలి. వడ్లు తప్పనిసరిగా మిల్లుకు వెళ్తాయి కనుక అక్కడ కాపు కాస్తే సరుకు చేతికొస్తుంది. జొన్న అలా కాదు. అది కళ్లం నుంచి నేరుగా ఇంటి గాదెలోకి పోతుంది, అవసరమైనప్పుడు శేరో, అడ్డెడో ఇసుర్రాయి మీదికి వస్తుంది. మధ్యలో దాన్ని పట్టుకుని లెక్కరాసుకునే చోటు లేదు. ప్రభుత్వానికి కొనడం సులువైన గింజే ప్రభుత్వం పంచే గింజ అయింది, పంచే గింజే జనం తినే గింజ అయింది. కొనేవాడు లేని గింజను పండించడం రైతు క్రమంగా మానుకున్నాడు.

పొలంలో జరిగింది ఇంకో కథ. జొన్న వేయాలంటే ఊరంతా వేయాలి. చుట్టూ పత్తి చేలుండి నడుమ ఒక్క ఎకరం జొన్న పాలకంకి మీదుంటే ఆ చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. పొద్దుపొడుపు నుంచి మంచె మీద నిలబడి వడిసెల విసిరే మనిషి కావాలి. ఆ మనిషి పిల్లో, పిల్లవాడో అయి ఉండే కాలం పోయింది, పోవడం మంచిదే, పిల్లలు బడికి వెళ్లారు. ఎడ్లు ఉన్నంతకాలం జొన్నచొప్ప గింజతో సమానమైన పంట. ట్రాక్టరు వచ్చి ఎడ్లు అమ్ముడుపోయాక చొప్పకు ఆ విలువ లేకుండా పోయింది. అనంతపురంలో వేరుశనగ, తెలంగాణలో పత్తి, మొక్కజొన్న ఆ చోటును ఆక్రమించాయి. బోర్లు, ఉచిత కరెంటు వచ్చాక మెట్టలో కూడా వరి మడులు లేచాయి.

ఇంటి లోపల ఆడవాళ్లు చేసిన చాకిరీని కూడా ఈ లెక్కలో చేర్చాలి. జొన్న, సజ్జ, రాగి గింజలను నేరుగా విసురుకోవచ్చు. కొర్ర, సామ, అరికలకు గట్టి పొట్టు ఉంటుంది. వాటిని రోట్లో పోసి దంచి, చాటతో చెరిగి, పొట్టు వదలని గింజను మళ్లీ దంచి, మళ్లీ చెరిగితే గానీ ఒక పూటకు సరిపడా బియ్యం రావు. జొన్న రొట్టె సంగతీ అంతే. గోధుమపిండికి ఉన్న సాగే గుణం దీనికి లేదు కనుక మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే అరచేత్తో నలిపి పిసకాలి. పొడిపిండి చల్లిన పీట మీద రెండు చేతులతో తడుతూ తిప్పాలి. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో అద్దాలి. పదిమంది ఉన్న ఇంట్లో ఈ పని రోజూ చేసిన ఆడమనిషికి గంజి వార్చితే సిద్ధమయ్యే అన్నం ఎంత ఊరటో ఊహించవచ్చు. పాత తిండి పోయిందని బాధపడేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ కనబడడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

ఈ ప్రవాహానికి ఎదురు నిలిచిన ఒక ప్రయత్నం జహీరాబాదు ప్రాంతంలో జరిగింది. రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983లోనే పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. అందులో సంఘాలుగా చేరినవారిలో అత్యధికులు దళిత మహిళలు, చేతిలో ఉన్నది పంచగా వచ్చిన ఎర్రనేలలు, బీళ్లు. 1990ల నడుమ వాళ్లు తమ ఊళ్లలో సొంత రేషన్ వ్యవస్థను నడిపారు. బీడు దున్ని, ఎరువు తోలి, విత్తనం వేయడానికి పెట్టుబడి ఇచ్చి, ఆ అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా తీర్చే ఏర్పాటు అది. అలా వచ్చిన జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, తిండికి కటకటలాడే నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదలో కార్యాలయంలో తేలలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. జొన్నతో పాటు కంది, అనుము, పెసర, నువ్వు వంటివి కలిపి చల్లే పద్ధతినీ, మంచుకూ నేల తడికీ పండే సత్యం పంటలనూ వాళ్లు కాపాడారు. ఏటా సంక్రాంతి తరువాత ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా సాగే పాత పంటల జాతర ఆ పని నుంచే పుట్టింది. సంస్థను నడిపించిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. నాలుగేళ్ల ముందు, 2019లో, ఈ మహిళల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్నను రేషన్‌లో పెట్టడం వీలుకాదనే వాదనకు అంతకన్నా గట్టి సమాధానం నాకు తెలియదు.

ప్రభుత్వాల చూపు ఆలస్యంగా మళ్లింది. 2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించింది. భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అంతకు ముందే మైసూరులో ఉండే చిరుధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలీ ప్రసంగాల వల్ల కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు తెలుగు మధ్యతరగతి ఇళ్లలో మళ్లీ వినబడే పేర్లయ్యాయి. గిరాకీ పెరిగింది, సందేహం లేదు. హైదరాబాదులో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్లు ఎందరో కనిపిస్తారు, పాత నేర్పు వాళ్లకు కొత్త జీవనాధారమైంది. కానీ ఆ రొట్టెల పిండి కోసం కొట్టుకు వెళ్లి అడిగితే సోలాపూర్ వైపు నుంచి వచ్చిన జొన్నలనే తరచుగా చూపిస్తారు. మన పక్క జిల్లా రైతుకు ఆ గిరాకీ సరిగా చేరలేదు.

చేరకపోవడానికి కారణాలు వెతకడం కష్టం కాదు. 2025-26 పంట కాలానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు, రాగులకు 4,886, సంకర జొన్నకు 3,699. కాగితం మీద రాగి వరికి రెట్టింపు కన్నా ఎక్కువ. కానీ వడ్ల కొనుగోలు కేంద్రం ఊరి దాపుకు వస్తుంది, రాగులకు అలాంటి భరోసా లేదు. కొర్ర, సామ, అరికలకైతే దేశస్థాయి మద్దతు ధరే లేదు. పొట్టు తీసే యంత్రం దగ్గర్లో లేని రైతు కొర్రలను పొట్టుతోనే దళారికి అమ్ముతాడు. పొట్టు తీయడంలోనూ, ప్యాకెట్టులోనూ పెరిగే ధర అతనిది కాదు. నిల్వ ఉండాలనీ తెల్లగా కనబడాలనీ మిల్లులో ఎక్కువ పాలిష్ పట్టిస్తే, ఏ తవుడు కోసం జనం ఆ గింజను కొంటున్నారో అదే పోతుంది. పట్నంలో డబ్బిచ్చి కొన్నవాడికి ఆ సంగతి తెలిసే వీలు తక్కువ.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వడానికి మొదటినుంచీ అవకాశం ఇచ్చింది. కర్ణాటక ఆ దారిలో రాగులను, జొన్నలను రైతుల నుంచి కొని రేషన్‌లో పంచింది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్‌ను మొదలుపెట్టి గిరిజన జిల్లాల్లో రాగులు కొన్నది, కొన్నిచోట్ల అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డు పెట్టింది. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్ కార్డుదారులకు దొడ్డు బియ్యానికి బదులు సన్నబియ్యం ఇస్తోంది. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్న కుటుంబాలకు అది న్యాయమే. అదే కార్డు మీద, కోరుకున్న కుటుంబానికి ఒకటి రెండు కిలోల బియ్యానికి బదులు ఆ జిల్లాలోనే పండిన జొన్నో, రాగో ఇచ్చే వీలు కల్పించాలని నేను కోరుతున్నాను. సంగారెడ్డి, నారాయణపేట, అనంతపురం, పాడేరు వంటి చోట్ల వసతిగృహాలకూ అంగన్‌వాడీలకూ కావలసిన చిరుధాన్యాలను మండలంలోనే కొని, పొట్టు తీసే యంత్రాన్ని మహిళా సంఘం చేతికి అప్పగిస్తే, పంట వేసే ముందే రైతుకు కొనేవాడెవరో తెలుస్తుంది. వరి రైతుకు ఆ భరోసా దశాబ్దాలుగా ఉంది. మెట్ట రైతు ఇప్పటికీ విత్తనం చల్లాక దళారి ఫోను కోసం ఎదురుచూస్తున్నాడు.