సర్పి వస్తే పక్షవాతం వస్తుందా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో నరాల వైద్యం చేస్తున్నాను. సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్) వచ్చినవాళ్లు చాలామంది పొక్కులన్నీ మాడిపోయాక, మంట తట్టుకోలేక వస్తారు. అప్పటికి మందు బాగా పనిచేసే రోజులు దాటిపోతాయి.

అపోహ: ఎండకో మిర్చి ఘాటుకో వేడి చేసి సర్పి వస్తుంది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్సే ఇది. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వయసు మీదపడో, జబ్బుల వల్లో రోగనిరోధక శక్తి తగ్గితే ఒక నరం వెంట బయటపడుతుంది. అందుకే పొక్కులు ఒంటికి ఒకపక్కనే పట్టీలా లేస్తాయి. మిర్చి యార్డులో పనికీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: పొక్కుల పట్టీ నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తేనే ప్రమాదం.

నన్ను భయపెట్టేది నడుము చుట్టూ వచ్చే సర్పి కాదు. నుదుటి మీద, కంటి చుట్టూ, ముక్కు కొసన వచ్చేది. చూపుకి ముప్పు ఎలాగూ ఉంది. ఆ భాగపు నరం పోగులు మెదడు రక్తనాళాల గోడలకూ వెళతాయి. వైరస్ ఆ దారిన వెళ్లి గోడను వాచేలా చేస్తే రక్తనాళం సన్నబడుతుంది, రక్తం గడ్డకడుతుంది, పక్షవాతం వస్తుంది. 2014లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, సర్పి వచ్చిన మొదటి 4 వారాల్లో ఈ ముప్పు మామూలు కన్నా 63 శాతం ఎక్కువగా కనిపించింది. వైరస్‌ను అణిచే మాత్రలు వాడినవాళ్లలో తక్కువగా ఉంది. సర్పి వచ్చిన ఎక్కువమందికి పక్షవాతం రాదు, కంగారు పడకండి. కానీ బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఆ నెలంతా జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: పథ్యం చేయాలి, వేడి మందులు ఆపాలి.

అన్నిట్లోకీ నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. "బీపీ మాత్ర వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగితే, "లేదండీ, పొక్కులు మాడేదాకా వద్దన్నారు" అంటారు పెద్దావిడ. పక్కన కూర్చున్న కొడుక్కి ఆ సంగతే తెలియదు. నొప్పికి, నిద్రలేమికి బీపీ అసలే పెరిగి ఉంటుంది, దానికి తోడు మాత్ర ఆపేస్తారు. బీపీ, షుగరు మాత్రలు, రక్తం పలచబడే మాత్ర, ఏదీ మీ అంతట మీరు ఆపకండి. పెరుగన్నమే తింటామంటే తినండి, మాత్రలు మాత్రం వేసుకోండి.

అపోహ: కావి పూసి మంత్రం వేయిస్తే చాలు.

మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లి మొక్కు తీర్చుకోండి, నేను వద్దనను. ముందు మాత్రలు మొదలుపెట్టండి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఎసైక్లోవిర్ లాంటివి బాగా పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించాలి. పచ్చి పొక్కుల మీద కావి, ఆకు పసరు పూస్తే చీము పడుతుంది.

అపోహ: సర్పి ఉన్నప్పుడు మూతి వంకరపోతే అది తగ్గిపోయేదే.

చెవి దగ్గర సర్పి వస్తే ముఖం నరం దెబ్బతిని మూతి వంకరపోవచ్చు. పక్షవాతమూ కావచ్చు. అదేమిటో ఇంట్లో తేల్చుకోలేరు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న సమయం నాలుగున్నర గంటలే.

50 దాటినవాళ్లకు టీకా ఉంది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. 2 నుంచి 6 నెలల తేడాతో రెండు డోసులు. ఖరీదు ఎక్కువే. ఒకసారి సర్పి వచ్చినవాళ్లూ తగ్గాక వేయించుకోవచ్చు.