ట్యూబు దొరకని టైరు

కావలి ట్రంకు రోడ్డు పక్కన నేను ఏళ్ల తరబడి గాలి కొట్టించుకునే పంచర్ షాపు ఒకటుంది. పోయిన నెల అక్కడ నిలబడి ఉంటే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు సెకండ్ హ్యాండులో కొన్న రేసు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక చక్రంలో పల్లేరుగాయ దిగింది. షాపాయన అలవాటుగా టైరు అంచు కింద ఇనప పట్టీ దూర్చబోయాడు. దూర్చడానికి అంచే లేదు. గట్టిగా పీకితే టైరు మొత్తం తొక్క వొలిచినట్టు రిమ్ము మీంచి ఊడొచ్చింది. లోపల ట్యూబు లేదు. టైరే చుట్టూ మూసుకుపోయిన గొట్టంలా ఉంది. అడుగున ఒక గుడ్డపట్టీ, ఆ పట్టీ లేపి చూస్తే దగ్గర దగ్గరగా కుట్లు.

"ఏంది సార్ ఇది? ట్యూబు యాడ పెట్టినారు దీనికి?" అన్నాడాయన. కుర్రాడి అనుమానం వేరే. "వట్టి గమ్ముతో అతికించిన టైరు మీద రేసులెట్లా తొక్కుతారు సార్? ఊడిపోదా?"

షాపాయనకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ట్యూబును లోపల పెట్టి, బట్టను చుట్టూ తిప్పి కుట్టేశారు. దీన్నే ట్యూబులర్ టైరు అంటారు. పంచరైతే కుట్లు విప్పి, ప్యాచ్ వేసి, మళ్లీ సూదీ దారం పట్టుకోవాలి. దీని చరిత్ర జోలికి నేను పోను. ఒక్క సంగతి మాత్రం చెప్పి వదిలేస్తా. జిగురు బాధ లేకుండా ఊడదీసి పెట్టుకునే టైరును మిషెలిన్ అన్నదమ్ములు 1891లోనే తెచ్చారు. ఆ ఏడాది పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెం గెలిచిన సైకిలుకు ఆ టైర్లే ఉన్నాయి. అయినా రేసువాళ్లు ఇంకో వందేళ్లకు పైగా జిగురునే పట్టుకుని వేలాడారు.

కుర్రాడి ప్రశ్న మాత్రం నన్ను రెండు రాత్రులు వదల్లేదు. టైరును రిమ్ముకు అదిమి పట్టేది జిగురు అనే నేనూ అనుకునేవాణ్ణి. కాదు. ఆ పనిలో పెద్ద వాటా గాలిదే.

ఒక చేనేత తువ్వాలు తీసుకోండి. పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగండి, సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. జానెడు సాగుతుంది, అదే సమయంలో నడుము సన్నబడుతుంది. మిగతా రెండు మూలలు లాగితే అటు వెడల్పై ఇటు పొట్టిదవుతుంది. పోగు ఒక్కటీ సాగలేదు, పోగుల మధ్య కోణం మాత్రమే మారింది. ట్యూబులర్ టైరు బట్టలో పోగులు సరిగ్గా ఇలాగే, టైరు పొడవుకు 45 డిగ్రీల ఏటవాలుగా, రెండు వరసలు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. అంటే టైరంటే మూలవాటంగా చుట్టిన తువ్వాలు గొట్టమే.

దాన్లోకి గాలి కొడితే ఏమవుతుంది? గొట్టంలో ఒత్తిడి గోడను అడ్డంగా, అంటే చుట్టుకొలత వెంట, లాగే బలం, నిలువుగా సాగదీసే బలానికి రెట్టింపు. నమ్మకపోతే రొయ్యల గుంటల దగ్గర పగిలిన నీళ్ల గొట్టాన్ని చూడండి, చీలిక నిలువునా ఉంటుంది. అడ్డంగా లాగే బలం ఎక్కువైంది కాబట్టే అట్లా చీలింది. 45 డిగ్రీల పోగులు మాత్రం రెండు దిక్కులా సమానంగానే మోయగలవు. అడ్డంగా రెట్టింపు లాగుతుంటే ఏం చేస్తాయి? తువ్వాలులో లాగే కోణం మార్చుకుంటాయి. గొట్టం లావై, పొట్టిదవుతుంది. పోగులు 54.7 డిగ్రీలకు చేరేదాకా ఈ జరుగుడు ఆగదు. ఆ కోణం దగ్గర లోపలి ఘనపరిమాణం గరిష్ఠం. టాంజెంటు వర్గం 2 అయ్యే కోణం అది. ఇంటర్ చదివే పిల్లలు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. అడ్డేమీ లేకపోతే మీటరు పొడవు గొట్టం దాదాపు 82 సెంటీమీటర్లకు కుంచించుకుపోవాలి.

కానీ మన గొట్టం రిమ్ము చుట్టూ ఉంది. పొట్టిదవ్వాలంటే రిమ్ము అడ్డం. కాబట్టి గాజు బిగిసినట్టు రిమ్మును బిగిస్తుంది. ఎంత బిగువు? 45 డిగ్రీల దగ్గర లెక్క భలే తేలిక. టైరు అడ్డకోత వైశాల్యాన్ని ఒత్తిడితో గుణిస్తే చాలు. 22 మిల్లీమీటర్ల టైరు, చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి అనుకుంటే సుమారు 27 కిలోల లాగుడు వస్తుంది. రిమ్ము చుట్టూతా కలిపితే కేంద్రం వైపు నొక్కే బలం దానికి ఆరు రెట్ల పైమాటే, దగ్గర దగ్గర 170 కిలోలు. అడుగు పట్టీ, పైన రబ్బరు కొంత అడ్డుకుంటాయి గనక నిజంగా దక్కేది కాస్త తక్కువ. అయినా రెండు బస్తాల వడ్ల బరువుతో కట్టేసినట్టు లెక్క.

కుర్రాడికి ఇది చెబితే వెంటనే అడిగాడు: "అయితే గమ్ము దేనికి సార్?" మంచి ప్రశ్న. క్లాసులో ఇట్లాంటిది అడిగితే సిలబస్‌లో లేదని కూర్చోబెట్టేవాళ్లు నాకు తెలుసు.

జిగురు రెండు పనులకు కావాలి. మలుపులో టైరు పక్కకు దొర్లకుండా ఆపడం ఒకటి. గాలి పోయిన క్షణాన పట్టుకోవడం రెండోది. గాలి లేనప్పుడు పోగుల బిగువూ ఉండదు, ఆ నిమిషంలో మీ ఎముకలకు దిక్కు ఆ పలచటి పొర ఒక్కటే.

అందుకే అతికించే పని తొందర సహించదు. మా వసారాలో నాలుగు రోజులు పట్టింది. మొదట కొత్త టైరును పొడిగానే రిమ్ముకు ఎక్కించి, గాలి కొట్టి ఒక రోజు వదిలేశాం, బిర్రు తగ్గి కాస్త సాగడానికి. తర్వాత రిమ్ము మీది పాత గమ్ము గీకి, గుడ్డతో తుడిచి, కొత్త గమ్ము పలచగా ఒక పూత రిమ్ముకు, ఒక పూత గుడ్డపట్టీకి. రాత్రంతా ఆరాక రెండో పూత. ఎక్కించే ముందు రిమ్ముకు మాత్రం చివరి తడి పూత. కుర్రాడు మొదటిసారే గమ్ము ట్యూబు పిండి మందంగా పూయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. గమ్ములో ఉండేది పొడవాటి రబ్బరు అణువులు, వాటిని కరిగించి ఉంచే ద్రావకం. ద్రావకం ఎగిరిపోతేనే ఆ అణువులు, ఒకే గిన్నెలో వేసిన సేమ్యాలాగా, అటు పొరవి ఇటు పొరలో దూరి పెనవేసుకుంటాయి. మందంగా పూస్తే పైన తొక్క కట్టి ద్రావకం లోపలే చిక్కుకుంటుంది, పొర ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. "సొల్యూషన్ రాసి ఆరనీకుండా ప్యాచ్ వేస్తే ఊడొస్తాది" అని షాపాయన ముప్పై ఏళ్లుగా చెప్పేదీ ఇదే.

ఎక్కించడం వాల్వు దగ్గర మొదలు. చక్రాన్ని నేల మీద నిలబెట్టి, రెండు చేతులతో టైరును రెండు వైపులా కిందికి లాగుతూ పోవాలి. చివరి జానెడు బొటనవేళ్లతో ఎత్తి వెయ్యాలి. వెంటనే చక్రం తిప్పి చూసి పాములా మెలికలుంటే సరిచెయ్యాలి. గాలి కొట్టి, ఒక రోజంతా తొక్కకూడదు. తర్వాత ఎప్పటికప్పుడు గాలి తీసి బొటనవేలితో పక్కకు నెట్టి చూడాలి. ఎక్కడైనా లేస్తే ఆ టైరు మళ్లీ మొదటి నుంచి.

వేడి గమ్ముకు శత్రువు, మెత్తబడిపోతుంది. 2003 టూర్ డి ఫ్రాన్స్‌లో గాప్ ఊరికి దిగే వాలులో జోసెబా బెలోకి అనే స్పెయిన్ రేసరు పడ్డాడు. ఎండకు రోడ్డు మీది తారు కరిగింది. వెనక చక్రం జారి, టైరు రిమ్ము మీంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న అమెరికా రేసరు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలానికి అడ్డంపడి తప్పించుకున్నాడు. కావలి చుట్టుపక్కల అంతా బల్లపరుపే గనక బ్రేకు వేడి భయం లేదు. కానీ శ్రీశైలం ఘాట్‌లో 300 మీటర్ల ఎత్తు దిగుతూ, మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే, దాదాపు 2 లక్షల 35 వేల జౌళ్లు ఎక్కడికో పోవాలి. బ్రేకులు పట్టుకునే దిగితే చాలా భాగం వేడిగా మారి రెండు అల్యూమినియం రిమ్ముల్లోకే. గాలి చల్లార్చబట్టి సరిపోయింది.

వేగమే ముఖ్యమైన ట్రాకు పందేల్లో పాతవాళ్లు రబ్బరు గమ్ము వాడేవాళ్లు కాదు. లక్క వాడేవాళ్లు! స్పిరిట్‌లో కరిగించిన, మన అడవుల్లో చెట్టుకొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే. పాండవులను కాల్చబోయిన ఇంటి సరుకు. మెత్తటి గమ్ము మీద టైరు ప్రతి తిప్పుకూ కొంచెం కదులుతూ శక్తి తింటుంది, గట్టి లక్క మీద ఆ కదలిక లేదు.

ఏ టైరు కొనాలని అడిగితే, సర్కారు తుమ్మ, పల్లేరు ఉన్న ఊళ్లో అసలు ట్యూబులరే వద్దంటాను. తప్పదంటే 25 మిల్లీమీటర్లకు తగ్గనిది, లోపల బ్యూటైల్, అంటే గాలి త్వరగా దిగని కృత్రిమ రబ్బరు, ట్యూబు ఉన్నది. లేటెక్స్ (సహజ రబ్బరు) ట్యూబు హాయిగా దొర్లుతుంది గానీ పొద్దున్నే గాలి కొట్టనిదే కదలదు. అంగుళానికి 300 పైచిలుకు పోగుల నాజూకు నూలు టైరు వెంకటగిరి చీర లాంటిది, ముళ్ల దారికి కట్టుకుపోయేది కాదు. టైరును అటక మీద ఏళ్లు మాగబెడితే గట్టిపడి మేలవుతుందని రేసువాళ్లలో ఒక నమ్మకం ఉంది. రబ్బరు ఆవకాయ కాదు. ఆక్సిజన్, ఓజోన్ తగిలి పెళుసవుతుంది, అంతే. నమ్మకాలంటే గుర్తొచ్చింది. కుర్రాడి వాళ్లమ్మ చక్రం కింద నిమ్మకాయ పెట్టించింది. నిమ్మతొక్క నూనెలో లిమొనీన్ ఉంటుంది, అది రబ్బరును కరిగిస్తుంది. బుడగ మీద తొక్క పిండి చూడండి, ఠప్పుమంటుంది. ఒక్క కాయకు టైరుకేమీ కాదులెండి. ఆవిడ ముందు ఈ ముక్క అనలేదు.

గమ్ము సగం మిగిలింది. షాపాయన మూత తీసి వాసన చూసి, "చెప్పులకు పనికొస్తాదా సార్?" అన్నాడు. తెగిపోయిన నా చెప్పు అడుగుకు రెండు పూతలు పూసి, ఆరనిచ్చి, సుత్తితో కొట్టి ఇచ్చాడు. మూడు వారాలైంది, పట్టే ఉంది. రోహిణి కార్తెలో ఏమవుతుందో చూడాలి.